పాత గోవా ట్రాన్స్‌ను వినడం ఎలా: కొత్తగా వినేవారికి ఒక అభిమాని సూచనలు

ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంలో ఒక శైలి అయిన గోవా ట్రాన్స్ అనగానే చాలామందికి సముద్రపు ఒడ్డున తెల్లవార్లూ ఒకే తీరుగా మోగే దరువు గుర్తుకు వస్తుంది. దరువు ఒకే తీరుగా ఉంటుందన్న మాట నిజమే. అయితే 1994 నుంచి 1998 వరకు వచ్చిన మంచి రికార్డులలో ఆ దరువు కదలకుండా నిలబడి ఉంటే, దాని మీద నాలుగైదు స్వర వరుసలు ఒకదాని వెనుక ఒకటి ప్రవేశించి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని, వింటూ ఉండగానే రూపు మార్చుకుంటూ పోతాయి. ఈ సంగీతాన్ని వినడమంటే ఆ వరుసలను పట్టుకోవడమే. దరువు మీదే దృష్టి నిలిపినవారికి పది నిమిషాలలో విసుగు పుడుతుంది. వరుసల వెంట వెళ్ళినవారికి ఆ పది నిమిషాలు చాలవు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఒక మిత్రుడు రాసిచ్చిన సీడీ పెట్టుకుని, ప్రతి ట్రాక్‌నూ ఒకటిన్నర నిమిషం విని, పాట ఇంకా మొదలే కాలేదనుకుని తరువాతి దానికి వెళ్ళిపోయేవాడిని. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, బ్యాటరీలతో నడిచే ప్లేయర్ మీద బటన్లు కనిపించక, ఒక ట్రాక్‌ను చివరిదాకా విన్నాను. ఆరో నిమిషం దగ్గర, అప్పటిదాకా వెనుక ఎక్కడో సన్నగా గీరుతున్నట్టున్న ఒక శబ్దం మెల్లగా విచ్చుకుంటూ ముందుకు వచ్చింది. ఆ ట్రాక్‌కు పల్లవి అదేనని అప్పుడు తెలిసింది. మళ్ళీ మొదటి నుంచి వింటే అది రెండో నిమిషంలోనే అక్కడ ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే సూచనలన్నీ ఆ రాత్రి నుంచి పుట్టినవే.

మొదటి నిమిషాన్ని దాటవేయకండి

పాత గోవా ట్రాక్ సాధారణంగా ఏడు నుంచి పది నిమిషాలు ఉంటుంది. మొదటి నిమిషంలోను, చివరి నిమిషంలోను దరువు ఉండకపోవచ్చు. గాలి వీచినట్టుండే సింథ్ (ధ్వనులను పుట్టించే ఎలక్ట్రానిక్ వాద్యం) ధ్వని, ఎక్కడి నుంచో తెచ్చిన ఒక మాట ముక్క, దూరపు ప్రతిధ్వని మాత్రమే వినిపించవచ్చు. దీనికి కారణం కళ కన్నా ముందు పరికరం. 1980లలో గోవాలోని అంజునా, వగతోర్ ప్రాంతాలలో రాత్రులు సంగీతం వినిపించిన డీజేలు క్యాసెట్ల మీద ఆధారపడ్డారు. యూరప్ నుంచి వచ్చిన న్యూ బీట్, ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్ అనే నృత్య సంగీత శైలుల పాటలలో గాత్రం ఉన్న భాగాలను తీసివేసి, మిగిలిన వాద్య భాగాలను కోసి, అతికించి, సాగదీసి తమకు కావలసిన టేపులు తయారు చేసుకునేవారు. 1990లు వచ్చేసరికి క్యాసెట్ స్థానంలో డ్యాట్ అనే చిన్న డిజిటల్ టేపు వచ్చింది. వినైల్ రికార్డులు మోయడానికి బరువు, ఎండకు వంగిపోతాయి. డ్యాట్ టేపులైతే ఒక సంచిలో వంద పడతాయి. పైగా లండన్‌లోనో టెల్ అవీవ్‌లోనో నిన్న పూర్తయిన ట్రాక్‌ను కాపీ చేసుకుని వస్తే, రికార్డుగా వెలువడడానికి నెలల ముందే గోవాలో వినిపించవచ్చు.

డ్యాట్‌కు ఒక లోటు ఉంది. చాలా డెక్‌లలో టేపు వేగాన్ని తగ్గించడం గాని, పెంచడం గాని కుదరదు. అందువల్ల ఒక ట్రాక్ దరువును మరొక ట్రాక్ దరువుతో సరిపెట్టి కలపడం సాధ్యం కాలేదు. ఒకదాని దరువు ఆగిన తరువాత, దాని చివరి ధ్వనుల మీద రెండవ దాని తొలి ధ్వనులను పరచడమే మార్గం. స్వరకర్తలు కూడా ఈ అవసరాన్ని గుర్తించి, ఎత్తుగడను, ముగింపును పొడవుగా రాశారు. నా అభిప్రాయంలో ఈ సంగీతానికి జరిగిన మేళ్ళలో ఇదే గొప్పది. పక్క ట్రాక్‌లోకి జారిపోయే సౌలభ్యం లేదు కాబట్టి, ప్రతి ట్రాక్ తన ఎత్తుగడతో, తన నడకతో, తన ముగింపుతో ఒక కృతిలా నిలబడవలసి వచ్చింది. ఆ మొదటి నిమిషంలో వచ్చే స్వరం శ్రుతిని నిలుపుతుంది. దానిని దాటవేసి దరువు దగ్గర నుంచి వింటే, ఆలాపన వదిలేసి కచేరీలోకి వచ్చినట్టే.

ఆదితాళం వేస్తూ లెక్కపెట్టండి

తాళం వేయడం తెలిసినవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఒక్కో కిక్‌కు (దరువులోని ఒక్కో దెబ్బకు) ఒక్కో క్రియ చొప్పున లఘువు, రెండు ద్రుతాలు వేస్తే ఒక ఆవర్తనానికి ఎనిమిది కిక్‌లు, నాలుగు ఆవర్తనాలకు 32 కిక్‌లు అవుతాయి. పెద్ద మార్పులు చాలా వరకు ఈ 32 హద్దు మీదే జరుగుతాయి: కొత్త వరుస ప్రవేశించడం, కిక్ ఒక్క క్షణం ఆగి తిరిగి రావడం, పాత వరుస తప్పుకోవడం. వేగం సాధారణంగా నిమిషానికి 140 నుంచి 150 కిక్‌లు. 145 అనుకుంటే 32 కిక్‌లకు 13 సెకన్ల పైచిలుకు పడుతుంది. తొమ్మిది నిమిషాల ట్రాక్‌లో అటువంటి ఖండాలు సుమారు 40 ఉంటాయి. చెయ్యి ఆ వేగాన్ని అందుకోలేకపోతే, రెండు కిక్‌లకు ఒక క్రియ వేసి, రెండు ఆవర్తనాలకు ఒక ఖండంగా లెక్కించండి. నాలుగైదు ట్రాక్‌లకు ఇలా చేస్తే చాలు. ఆ తరువాత చెయ్యి ఆపినా హద్దు ఎప్పుడు వస్తుందో లోపల తెలుస్తూనే ఉంటుంది.

కిక్‌కు, బాస్‌కు (అడుగున నడిచే మంద్ర స్వరాలకు) మధ్య ఉన్న పొందికను తకధిమితో పట్టుకోవచ్చు. చాలా ట్రాక్‌లలో కిక్ ‘త’ మీద పడుతుంది. బాస్ ఆ చోటును వదిలిపెట్టి ‘కధిమి’ మీద నడుస్తుంది. రెండూ ఒకే చోట పడితే ఒకదానిని ఒకటి మింగివేస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు. దీని వల్లనే ముందుకు ఉరుకుతున్న భావన కలుగుతుంది. ఒకసారి బాస్‌ను మాత్రమే వినండి. అదే ట్రాక్‌ను మరొకసారి పెట్టి, పైన వినిపించే అతి సన్నని వరుసను మాత్రమే వినండి. మూడోసారి మధ్యలో ఏముందో వెతకండి. మంచి ట్రాక్ అయితే మూడోసారి వినేటప్పుడు అది కొత్త ట్రాక్‌లా ఉంటుంది.

మధ్యలో ఉండే ఆ వరుస చాలాసార్లు రోలాండ్ సంస్థ తయారు చేసిన టీబీ-303 నుంచి గాని, దాని ధ్వనిని అనుకరించే మరొక సింథ్ నుంచి గాని వస్తుంది. ఇది వెండి రంగు చిన్న పెట్టె. సాధన చేసుకునే గిటార్ వాద్యకారులకు బాస్ తోడుగా ఉంటుందని 1980ల తొలినాళ్ళలో తెచ్చారు. కొనేవారు లేక 1984లో తయారీ ఆపేశారు. పదహారు గడులలో స్వరాలు నింపితే వాటినే తిప్పి తిప్పి పలుకుతుంది. ఇక దగ్గరగా వినండి. ధ్వనిలోని పై భాగాన్ని ఎంతవరకు వదలాలో నిర్ణయించే కటాఫ్ మీట మూసి ఉన్నప్పుడు ఆ పదహారు స్వరాలు దుప్పటి కింద నుంచి మూలిగినట్టు ఉంటాయి. మీట కొద్దిగా తెరిస్తే ‘ఓ’కారం పలుకుతుంది, ఇంకొంచెం తెరిస్తే అది ‘ఆ’కారం అవుతుంది. కటాఫ్ హద్దు దగ్గరి ధ్వనిని ఎక్కువగా మోగించే రెజొనెన్స్ పెంచితే గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు బుడబుడలాడుతుంది. రెండూ చివరిదాకా వెళ్తే లోహాన్ని లోహంతో గీసినట్టు కీచుమంటుంది. ఒక గడి నుంచి మరొక గడికి స్లైడ్ పెట్టిన చోట స్వరం జారు గమకంలా జారుతుంది. స్వరాలు మాత్రం మారలేదు. మారింది మీట మీది చెయ్యి. మూడు నాలుగు నిమిషాలు పట్టే ఈ తెరుచుకోవడాన్ని మొదటి నుంచి చివరిదాకా వెంబడించగలిగితే, మీకు గోవా ట్రాన్స్ వినడం వచ్చినట్టే.

స్వర వరుసల సంగతి

ఈ ట్రాక్‌లలో తరచుగా వినిపించే స్వర క్రమాన్ని పాశ్చాత్యులు ఫ్రిజియన్ డామినెంట్ అంటారు. స్వరాల లెక్కలో అది మన 14వ మేళకర్త వకుళాభరణం: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. మరికొన్ని చోట్ల అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం వచ్చి హనుమతోడి స్వరాలు అవుతాయి. శుద్ధ రిషభానికి, అంతర గాంధారానికి మధ్య ఉన్న పెద్ద ఎడమే ఈ వరుసలకు ఆ వేడిని ఇస్తుంది. రాగ లక్షణం, గమక సంపద, జీవస్వరాలు ఇక్కడ వెతకకూడదు. స్వర స్థానాలు కలవడం వేరు, రాగం వేరు. అయినా కర్ణాటక సంగీతం విన్న చెవికి ఒక అనుకూలం ఉంది. ఇందులో పాశ్చాత్య పాటలలోలాగా కార్డ్‌లు (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుంపులు) మారుతూ పోవు. ఒకే షడ్జమం తంబురాలా చివరిదాకా నిలిచి ఉంటుంది. ‘ఏమీ మారడం లేదు’ అని ఇతరులు విసుక్కునే చోట మనకు అలవాటైన నిలకడ కనిపిస్తుంది.

అయితే ఈ స్వరాలన్నీ భారతదేశం నుంచే వెళ్ళాయని తేల్చివేయడం సరికాదు. ఈ సంగీతాన్ని తీర్చిదిద్దిన వారిలో ఇజ్రాయెల్ కళాకారులు చాలామంది ఉన్నారు. ఇదే స్వర క్రమం అరబ్బు సంగీతంలో హిజాజ్‌గా ప్రసిద్ధం, యూదుల సంప్రదాయ సంగీతంలోనూ పాతకాలం నుంచి ఉంది. గోవా ఒక కూడలి. అక్కడికి ఎవరి చెవి వారు తెచ్చుకున్నారు.

మంత్రాలను, దేవతల పేర్లను వాడుకున్న తీరు మీద కూడా ఒక మాట చెప్పాలి. ఒక శ్లోకపు ముక్కను శ్రుతితో నిమిత్తం లేకుండా, అలంకారంగా అతికించిన ట్రాక్‌లు అనేకం ఉన్నాయి. అవి నాకు కష్టం కలిగిస్తాయి, వాటిని నేను ఎవరికీ సిఫారసు చేయను. దానికి భిన్నంగా, ఒక్క మంత్రం కూడా లేకుండా కేవలం స్వరాల నడకతో ఆ తన్మయత్వాన్ని కలిగించిన ట్రాక్‌లు ఉన్నాయి. కవరు మీద ఓంకారం ఉన్నంత మాత్రాన లోపలి సంగీతం గొప్పదని అనుకోకండి.

పరికరాలు, ప్రతులు

ఫోన్ స్పీకర్‌లో దీనిని వినవద్దు, వినిపించవద్దు. బాస్ అడుగు భాగం చిన్న స్పీకర్‌లో పలకదు కాబట్టి, నిలబడే నేల లేకుండా పై వరుసలు మాత్రమే గాలిలో వేలాడతాయి. చెవిని మూసే సాధారణ హెడ్‌ఫోన్స్ చాలు. బాస్ పెంచే ఈక్వలైజర్ అమరికలను తీసివేయండి. అవి మధ్య వరుసలను కప్పేస్తాయి. ధ్వని పెంచాలనే కోరిక ఈ సంగీతంతో సహజంగా కలుగుతుంది గనుక లెక్క తెలుసుకోవడం మంచిది: 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు వినవచ్చని ఒక ప్రమాణం, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం అవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే మిగులుతుంది.

ప్రతుల విషయంలో నాది గట్టి అభిప్రాయం. 1990ల నాటి సీడీల ధ్వని తక్కువగా అనిపించవచ్చు, కాని వాటిలో మెల్లని శబ్దానికి, పెద్ద శబ్దానికి మధ్య ఎడం ఉంది. తరువాత ధ్వనిని సవరించి తెచ్చిన కొత్త ప్రతులు, అంటే రీమాస్టర్లు, అనేకం; వాటిలో అన్నింటినీ ఒకే ఎత్తుకు పెంచడం వల్ల ఆ ఎడం పోయింది. వరుస మెల్లగా ముందుకు రావడం అనే ప్రధాన విషయమే అణగారిపోయింది. అందరూ అలా చేయలేదు. అసలు డ్యాట్ టేపుల నుంచి శ్రద్ధగా శుభ్రం చేసి విడుదల చేసినవి కూడా ఉన్నాయి. రెండు ప్రతులు దొరికినప్పుడు, రెండింటి ధ్వనినీ సమానంగా పెట్టి, మొదటి మూడు నిమిషాలు పోల్చి ఎంచుకోండి.

ఏది ముందు, ఏది తరువాత

ఇజ్రాయెల్ బృందం ఆస్ట్రల్ ప్రొజెక్షన్‌తో మొదలుపెట్టండి. 1996 నాటి ‘ట్రస్ట్ ఇన్ ట్రాన్స్’, 1997 నాటి ‘డ్యాన్సింగ్ గెలాక్సీ’ ఈ సంగీతానికి పెద్దబాలశిక్ష వంటివి. వీరి వరుసలు స్పష్టంగా, పాడుకోదగినట్టు ఉంటాయి. ఏది ఎప్పుడు ప్రవేశించిందో కొత్త చెవికి కూడా తెలుస్తుంది. కొంతమంది అభిమానులు వీరిని మరీ తేలికని పక్కన పెడతారు. నేను ఒప్పుకోను, తేటగా రాయడం కష్టమైన పని. వీరి తరువాత మార్టిన్ ఫ్రీలాండ్ ‘మ్యాన్ విత్ నో నేమ్’ పేరుతో 1996లో తెచ్చిన ‘మొమెంట్ ఆఫ్ ట్రూత్’ వినవచ్చు.

ఆ పైన హాలూసినోజెన్ పేరుతో సైమన్ పోస్‌ఫర్డ్ చేసిన ‘ట్విస్టెడ్’. ఇది 1995లో డ్రాగన్‌ఫ్లై సంస్థ ద్వారా వచ్చింది. ఆ సంస్థను నెలకొల్పినది బ్రిటిష్ రాక్ బృందం కిల్లింగ్ జోక్‌లో బాస్ వాద్యకారుడైన, ‘యూత్’ అనే మారుపేరు గల వ్యక్తి. అతని స్టూడియోలోనే పోస్‌ఫర్డ్ ఇంజనీరుగా పనిచేశాడు. ఆ ఇంజనీరు చెయ్యి ఈ ఆల్బమ్ అంతటా వినిపిస్తుంది. ఒకే స్వరం నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ దాని అంచు వేరుగా ఉంటుంది: ఒకసారి పొడిగా, ఒకసారి తడిగా, ఒకసారి కుడి చెవిలో మొదలై ఎడమ చెవిలో ముగుస్తూ. నా దృష్టిలో పాత గోవా ట్రాన్స్ మొత్తంలో ఒక్క ఆల్బమ్ మాత్రమే మిగలాలంటే మిగలవలసినది ఇదే. 1997 నాటి ‘ది లోన్ డెరేంజర్’ మరింత నేర్పుగా చేసినదే గాని, మొదటి దానిలోని ఆవేశం అందులో నాకు దొరకలేదు.

జూనో రియాక్టర్ ‘బియాండ్ ది ఇన్ఫినిట్’, టోటల్ ఎక్లిప్స్ ‘డెల్టా అక్వారిడ్స్’ రెండూ 1995 నాటివే. ఇవి చీకటిగా, విశాలంగా ఉంటాయి, అర్ధరాత్రికి తగినవి. డెన్మార్క్ బృందం కాక్స్‌బాక్స్ 1997లో తెచ్చిన ‘డ్రాగన్ టేల్స్’లో స్వరాల కన్నా శబ్దాల ఆట ఎక్కువ.

ఇటలీ వారి ప్లెయాడియన్స్‌ను చివరికి ఉంచుకోండి. కృత్తికా నక్షత్రాల నుంచి పేరు తెచ్చుకున్న ఈ బృందం 1997లో ‘ఐ.ఎఫ్.ఓ.’ను విడుదల చేసింది. ఎట్నికా పేరుతో ‘ఏలియన్ ప్రోటీన్’ చేసినది కూడా ఈ బృందం వారే. ‘ఐ.ఎఫ్.ఓ.’లో ఒకే సమయంలో అయిదారు వరుసలు అతివేగంగా, ఏదీ వెనక్కు తగ్గకుండా పరుగెడతాయి. దీనితో మొదలుపెట్టినవారికి గజిబిజిగా తోచి, ఈ సంగీతం మీదే విముఖత కలిగే ప్రమాదం ఉంది. నేను ఒక బంధువుకు మొదటగా ఇదే వినిపించి ఆ తప్పు చేశాను. మిగతా వాటి మీద చెవి పదునెక్కాక వింటే, ఆ అయిదు వరుసలూ విడివిడిగా, అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపిస్తాయి.

1998లో హాంబర్గ్ ద్వయం ఎక్స్-డ్రీమ్ ‘రేడియో’ తెచ్చారు. పొడిగా, యంత్రంలా, స్వర వరుసలు దాదాపు లేకుండా సాగే ఈ ఆల్బమ్ అద్భుతమైనదే, కాని గోవా ట్రాన్స్‌కు తలుపు మూసినది కూడా అటువంటి రికార్డులే. ఇక్కడి నుంచి వరుసలు పలచబడి, బాస్, శబ్ద వైచిత్రి పెద్దపీట వేసుకున్నాయి. ఆ తరువాతి దానిని సైకెడెలిక్ ట్రాన్స్ అని వేరుగా పిలవడమే న్యాయం. ఇన్‌ఫెక్టెడ్ మష్రూమ్ 1999లో ‘ది గ్యాదరింగ్’తో వచ్చేనాటికి ఆ మార్పు పూర్తయింది.

పాల్ ఓకెన్‌ఫోల్డ్ 1994 డిసెంబరులో బీబీసీ రేడియో 1 కోసం చేసిన రెండు గంటల ‘గోవా మిక్స్’ను చాలామంది మొదటి మెట్టుగా చూపిస్తారు. అది అందమైన మిక్సే, ఈ సంగీతాన్ని ఎంతోమందికి పరిచయం చేసింది. అయినా ట్రాక్‌లను ముక్కలుగా కలిపి వినిపించే మిక్స్‌తో పొడవైన నడకను పట్టుకోవడం అలవడదు. కొన్ని ఆల్బమ్‌లు విన్న తరువాత దానిని వినండి.

రాత్రి నుంచి ఉదయానికి

ఈ ట్రాక్‌లకు వేళ ఉంది. చీకటి పడ్డాక నెమ్మదిగా మొదలై, అర్ధరాత్రి దాటాక కఠినంగా, భయం గొలిపేలా మారి, తూర్పు తెల్లబడే వేళకు ప్రసన్నంగా విచ్చుకునేలా డీజేలు వరుస కట్టేవారు. కాలిఫోర్నియాలో 1951లో పుట్టి, గోవాను తన స్థావరంగా చేసుకుని, 2023లో మరణించిన డీజే గోవా గిల్ ఒక్కడే 24 గంటల వరకు వినిపించిన సందర్భాలు ఉన్నాయి. ‘మార్నింగ్ ట్రాక్’ అనే మాట ఆ రాత్రుల నుంచే వచ్చింది.

ఇంట్లో దీనికి ఆరు ట్రాక్‌లు చాలు, సుమారు 50 నిమిషాలు. మొదటి రెండూ నిదానమైనవి, తరువాతి రెండూ చీకటివి, చివరి రెండూ స్వరం తేటగా ఉన్నవి ఎంచుకోండి. షఫుల్ ఆపండి. నాలుగో ట్రాక్ నుంచి అయిదో ట్రాక్‌లోకి వెళ్ళే చోటే అసలు పరీక్ష: అక్కడ నాలుగో దాని చివరి ధ్వనుల మీద అయిదో దాని ఎత్తుగడ సహజంగా అమరాలి. ఈ ఒక్క చోటు కోసం నేను ఒక్కోసారి వారమంతా ట్రాక్‌లు మార్చి చూస్తాను.

ఇది వినడానికి మత్తు పదార్థాలు కావాలనే మాట తరచుగా వినిపిస్తుంది. నేను దానిని నమ్మను. 13 సెకన్లకు ఒకసారి వచ్చే మార్పును వెంబడించడానికి మెలకువగా ఉన్న చెవి కావాలి.

గోవాకే వెళ్ళి వినాలనుకుంటే నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు. కాబట్టి చాపల మీద కిరోసిన్ దీపాలు పెట్టుకుని స్థానిక మహిళలు టీ అమ్మే ఆ పాత తెల్లవారుజాములు ఇప్పుడు దొరుకుతాయని ఆశించవద్దు. నిద్రపోయే ఊరి పక్షాన నిలబడే ఆ నియమం నాకు సమంజసంగానే తోస్తుంది.

పాత వాటితో ఆగిపోనవసరం కూడా లేదు. 2004లో బెల్జియంలో మొదలైన సన్‌ట్రిప్ సంస్థ ఈ వరుసల సంప్రదాయాన్ని మళ్ళీ పట్టుకుంది. వారు 2005లో విడుదల చేసిన ఖెట్జాల్ ఆల్బమ్ ‘కొరోల్’ను నేను 1990ల రికార్డుల పక్కనే పెట్టుకుంటాను. స్వీడన్‌కు చెందిన కళాకారుడు ఫిల్టీరియా వరుసలు ప్లెయాడియన్స్ కన్నా దట్టంగా ఉంటాయి గనుక, ‘ఐ.ఎఫ్.ఓ.’ తేలికగా వినిపించడం మొదలైన తరువాతే అతని దగ్గరికి వెళ్ళండి.